ఉద్యోగం ఒప్పుకునే ముందు ఇంట్లో తేల్చుకోవలసినవి

హైదరాబాదు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

సివిల్ ఇంజినీరింగు చదివిన నీకు కొల్లూరు వైపు నిర్మాణ స్థలంలో ఉద్యోగం వచ్చిందని, ఇంట్లో మాత్రం అది మానుకొని బి.ఇడి. చేసి టీచరుగా స్థిరపడమంటున్నారని రాశావు. ఎదురు చెప్పడానికి ముందు, ఆ ‘వద్దు’ వెనుక ఎవరి భయం ఏమిటో విడివిడిగా అడిగి తెలుసుకో.

మీ నాన్నగారిది రాకపోకల భయమైతే, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం చేరాక, అక్కడి నుంచి కంపెనీ వాహనం ఉంటుందా, రాత్రి ఆలస్యమైతే ఎవరు దింపుతారు అన్నది కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెచ్చి చూపించు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అందులో ఎవరెవరున్నారో కూడా అడుగు.

మీ అమ్మది పెళ్లి సంబంధాల భయం. టీచరైతే సాయంత్రానికి ఇల్లు చేరి వంట, పిల్లలు చూసుకోవచ్చునని ఆమె లెక్క. బోధన మీద ఇష్టముండి ఆ వృత్తిలోకి వెళ్లేవారంటే నాకెంతో గౌరవం, కానీ ఇంటిపని అంతా నీదేనని ముందే నిర్ణయించి, దానికి సరిపడే ఉద్యోగాన్ని వెతకడం నాకు అన్యాయంగా తోస్తుంది. పెళ్లిచూపుల్లోనే, బిడ్డకు జ్వరమొస్తే ఎవరు సెలవు పెడతారని అబ్బాయిని సూటిగా అడుగు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణతో తల్లికి 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి మాత్రం అలాంటి చట్టబద్ధమైన సెలవు లేదు గనుక ఈ ప్రశ్న తప్పదు.

ఏ. లలిత గారి సంగతి మీ అమ్మకు చెప్పు. పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకొని, నెలల పాపతో పుట్టింటికి చేరిన ఆ తెలుగు అమ్మాయిని, మద్రాసు గిండీ ఇంజినీరింగు కళాశాలలో ఆచార్యుడైన తండ్రే పట్టుబట్టి అక్కడ చేర్పించారు. 1943లో ఆమె ఎలక్ట్రికల్ ఇంజినీరయ్యారు. ఆమె తెలివికి, పట్టుదలకు పుట్టింటివారు తోడు నిలిచారు కనుకనే ఆ కాలంలో అది సాధ్యమైంది. నేను మీవాళ్ల నుంచి కోరేదీ అంతే.

తమ్ముణ్ణి మరచిపోకు. మగపిల్లవాడు, ఇల్లు నడపాలంటూ కామర్స్ ఇష్టమైన వాణ్ణి ఎంపీసీలో చేర్పించడం కూడా ఇలాంటిదే. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కును, బాధ్యతను కూడా ఇచ్చింది. ఇంటి అప్పులోనూ అమ్మానాన్నల వైద్యంలోనూ నీ జీతం భాగం ఉంటుందని ఇప్పుడే చెప్పు. వాడి మీది బరువు తగ్గితే, వాడి చదువు గురించి మాట్లాడే చనువు నీకు వస్తుంది.

వచ్చే ఆదివారం మీ నాన్నను తీసుకొని ఆ స్థలానికి వెళ్లు. ఆయన ఒప్పుకుంటే నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ