సోలార్ వల్ల కూడా నష్టం ఉన్నప్పుడు, బొగ్గు కంటే అది మేలని ఎలా అంటాం?

"సోలార్‌కి వేల ఎకరాలు పోతున్నాయి, ప్యానెళ్లు పాతబడితే చెత్త. మరి బొగ్గుకీ దానికీ తేడా ఏముంది?" అని మీ ప్రశ్న. నేను రెండింటి పక్కనా బతికాను కాబట్టి చెప్తున్నాను, తేడా చాలా ఉంది.

పుట్టి పెరిగింది బొగ్గు గనుల ప్రాంతంలో. నాన్న అండర్‌గ్రౌండ్ కార్మికుడు. ఊరికి ఒకవైపు నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని, ఇంకోవైపు బూడిద చెరువు. కరెంటు కేంద్రంలో బొగ్గు కాల్చాక మిగిలిన బూడిదను నీళ్లలో కలిపి, పైపుల్లో తెచ్చి ఆ చెరువులో వదిలేవాళ్లు. ఎండాకాలంలో అది ఎండిపోయాక సాయంత్రం గాలి లేచిందంటే ఊరంతా పొడే. అమ్మ కడిగిన గిన్నెలను ఎప్పుడూ బోర్లించే పెట్టేది. అన్నం వడ్డించే ముందు కంచాన్ని కొంగుతో ఇంకోసారి తుడిచేది. రోజూ బ్లాస్టింగ్ టైమ్‌కి గోడలు అదిరేవి. మా వంటింటి గోడ పగులులో నా చిన్నప్పుడు వేలు దూరేది కాదు, ఇంటర్‌కి వచ్చేసరికి దూరింది.

ఒక లెక్క చూడండి. మన బొగ్గులో బూడిద 30 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. ఒక యూనిట్ కరెంటుకి సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది, దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. నెలకి 200 యూనిట్లు వాడే ఇంటికి ఆ కరెంటు మొత్తం బొగ్గు నుంచే వస్తే, నెలనెలా ఒక సిమెంటు బస్తా అంత బూడిద. అందులో చాలావరకు సిమెంటుకీ ఇటుకలకీ పోతుంది, నిజమే. కానీ కరెంటు వాడినన్నాళ్లూ బస్తా వస్తూనే ఉంటుంది.

చదువయ్యాక కర్నూలు జిల్లాలో ఒక సోలార్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్ పనికి చేరాను. గని (ఊరి పేరే అది), శకునాల ఊళ్ల దగ్గర 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల సోలార్ పార్కు గురించి వినే ఉంటారు, ఆ చుట్టుపక్కల నేలంతా ఒకటే తీరు. పొగ లేదు, చప్పుడు లేదు. అయితే నష్టం లేదని మాత్రం అనను. ఒకరోజు కంచె అవతల నుంచి ఒక గొర్రెల పెద్దాయన పిలిచాడు. "నాయనా, ఈడనే మేపుకుంటాంటిమి. ఇప్పుడు కుంటకాడికి పోవాలంటే ఇదంతా సుట్టుకోని పోవాల" అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు. ఆ వానాకాలం లోపల గడ్డి ప్యానెళ్ల అంచుదాకా పెరిగింది. నీడ పడితే ఉత్పత్తి తగ్గుతుందని కూలీలను పెట్టి కోయించాం. బయట గడ్డి లేక గొర్రెలు, లోపల డబ్బిచ్చి గడ్డి కోత! ప్యానెళ్ల కింద గొర్రెలను మేపనివ్వొచ్చు. వైర్లు కాస్త ఎత్తులో కట్టుకుంటే చాలు.

నేను మేలు అనేది ఇందుకే. ప్యానెల్ తయారీకి పట్టిన శక్తి ఒకటి రెండేళ్లలో తిరిగి వచ్చేస్తుంది, తర్వాత దాదాపు పాతికేళ్లు దానికి కాల్చేదేమీ లేదు. పాత ప్యానెళ్లను 2022 ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) నిబంధనల్లో చేర్చారు, అమలు గట్టిగా జరగాలి. భూమి సంగతి మన చేతుల్లో ఉంది. మేత నేల వదిలేసి ఇళ్ల కప్పుల మీద, నీళ్ల మీద పెట్టొచ్చు. రామగుండంలో రిజర్వాయర్ మీద 100 మెగావాట్లు తేలుతూనే ఉన్నాయి కదా.

రాత్రి సంగతేంటి అంటారు. ఇవాళ్టికి చీకటి పడ్డాక ఎక్కువ భారం బొగ్గుదే, అందుకే రేపే గనులు మూసేయమని నేను అనను. గనుల మీద బతికే ఇళ్లు ఎన్నో నాకు తెలుసు, మాదీ అలాంటి ఇల్లే. కానీ శ్రీశైలం ఎడమ గట్టు జలవిద్యుత్ కేంద్రంలో మొత్తం 900 మెగావాట్ల యంత్రాలు కింద నీటిని వెనక్కి డ్యామ్‌లోకి తోడగలవు. పగలు సోలార్ కరెంటుతో తోడి, రాత్రి ఆ నీటితోనే కరెంటు తీస్తే, పగటి సోలార్‌ని దాచుకున్నట్టే. (ఆ డ్యామ్ కింద వంద దాకా ఊళ్లు మునిగాయి. నీటి కరెంటు కూడా ఊరికే రాలేదు.)

సొంత డాబా ఉంటే 3 కిలోవాట్లు పెట్టించుకోండి, కేంద్రం సబ్సిడీ 78,000 రూపాయలు వస్తుంది. మా ఊరి ఇంటి మీద పెట్టించాం, మంచి ఎండ ఉంటే రోజుకి 12 యూనిట్ల దాకా ఇస్తోంది. వారానికోసారి అమ్మ బకెట్టు, గుడ్డ పట్టుకుని పైకెక్కి తుడుస్తుంది. గుడ్డ పిండితే ఇప్పటికీ బూడిద నీళ్లే కారుతాయి.