మచ్చ చిన్నదే.. కానీ మా అమ్మాయి గది దాటి రావట్లేదు

ప్రశ్న: మా అమ్మాయికి 20 ఏళ్లు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఏడాదిన్నరగా కంటి చుట్టూ, చేతివేళ్ల మీద బొల్లి మచ్చలు. చర్మ వైద్యుల మందు వాడుతోంది. మొదట్లో ముఖానికి చున్నీ కట్టుకుని కాలేజీకి వెళ్లేది. రెండు నెలలుగా కాలేజీకి వెళ్లడమే మానేసింది. సంబంధాలు చెడతాయని, చుట్టాలొస్తే నేనే లోపల గదిలో ఉండమంటున్నాను. ఏం చేయాలి?
– ఓ తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను. మీరు ఆమె మేలు కోరే లోపల ఉండమంటున్నారు. కానీ ఆ పిల్లకు వినపడేది ‘నన్ను చూసి మా అమ్మే సిగ్గుపడుతోంది’ అని. ఇక ఆ మాట అనకండి. ఇన్నాళ్లూ అన్నందుకు ‘నాదే పొరపాటు తల్లీ’ అని చెప్పండి. ఏ మందుకన్నా ముందు ఇది జరగాలి.

బొల్లి అంటే మన రోగనిరోధక వ్యవస్థే చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీయడం. అంటుకోదు, కుష్ఠు కాదు. చేపలు తిని పాలు తాగితే వచ్చేదీ కాదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి మీరే చెప్పాలి.

మచ్చ కొలతను బట్టి బాధ ఉండదు. ఒళ్లంతా మచ్చలున్నా నిబ్బరంగా ఉద్యోగం చేసుకునేవాళ్లను చూశాను, రూపాయి బిళ్లంత మచ్చకే చదువు మానేసినవాళ్లనూ చూశాను. అందుకే ‘ఈమాత్రం దానికేనా’ అనొద్దు.

బయటికి వెళ్లకపోతే ఆ పూటకి హాయిగా ఉంటుంది, మర్నాడు గడప దాటడం మరింత కష్టమవుతుంది. మెల్లగా అలవాటు చేయాలి. ముందు పొద్దున్నే మీ వీధిలో చున్నీ లేకుండా పది నిమిషాలు నడవండి, మీరూ పక్కనుండండి. తర్వాత రైతు బజారు. ఓ ఆదివారం సాయంత్రం జనం మధ్య ఆర్కే బీచ్. ఆపైన కాలేజీ. గుండె దడదడలాడినా వెంటనే వెనక్కి రావొద్దు, కాసేపు అక్కడే ఉంటే దానంతటదే నెమ్మదిస్తుంది. ఎవరైనా అడిగితే చెప్పడానికి ‘ఇది బొల్లి, అంటుకోదు’ అన్న ఒక్క మాట ఇంట్లోనే అనుకుని ఉంచుకోవాలి. చెప్పేసి వేరే కబురులోకి వెళ్లిపోవచ్చు. మచ్చను కప్పే క్రీములు ఆమెకు ఇష్టమైతే వాడొచ్చు, మీ బలవంతం మీద మాత్రం వద్దు.

ముఖం మీది మచ్చలకు పూతమందులు, ఫొటోథెరపీ (ప్రత్యేక కాంతితో చేసే చికిత్స)తో చాలామందిలో రంగు తిరిగొస్తుంది. నెలలు పడుతుంది. వేలి కొసల మీది మచ్చలు మొండివి, అక్కడ అంత ఆశ పెట్టుకోకండి. చర్మ వైద్యంతోపాటు చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ ఒకసారి చూపించండి. నిద్ర, తిండి తగ్గినా, ‘బతికి ఏం లాభం’ లాంటి మాట వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.