జెనీవా కంటే ముందు గ్రామసభ రిజిస్టరు

అమ్మడూ,

నీ పీహెచ్‌డీ ప్రతిపాదన చదివాను. ఆదివాసీ హక్కులు, ఐక్యరాజ్యసమితి, ప్రపంచ పాలన అంటూ బాగానే రాశావు గానీ, అన్ని పేజీల్లో ఒక్క ఊరి పేరూ లేదు. ఏజెన్సీలో భూమి కేసులు నడిపిన వకీలుగా నాకు తోచింది రాస్తున్నాను. మీ గైడు ఇంకోలా చెబితే నా మాట పట్టుకుని ఆయనతో గొడవ పెట్టుకోకు.

2007 సెప్టెంబరు 13 నాటి ఓటింగుకు నువ్వు చాలా బరువిచ్చావు. నేనైతే ఇవ్వను. ఆ రోజు ఆదివాసీ హక్కుల ప్రకటనకు 144 దేశాలు సరేనన్నాయి. వద్దన్నవి నాలుగు: అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నువ్వు చదువుకుంటున్న కెనడా. వద్దన్న ఆ కెనడాయే 2021లో దాని అమలుకు చట్టం చేసుకుంది. సరేనన్న మన దేశమేమో భారతీయులందరూ మూలవాసులే అంటుంది. అందరూ మూలవాసులైతే ఇక ప్రత్యేకంగా హక్కులెవరికి? ఐఎల్‌వో (అంతర్జాతీయ కార్మిక సంస్థ) ఆదివాసుల గురించి చేసిన 107వ ఒప్పందాన్ని 1958లోనే ఆమోదించాం, దాన్ని సవరిస్తూ 1989లో వచ్చిన 169 జోలికి మాత్రం పోలేదు.

అలాగని మన దగ్గర ఏమీ లేదని రాసేవు! రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల గురించిన అయిదో షెడ్యూలు, ఆ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 భూబదలాయింపు చట్టం, గ్రామసభకు అధికారమిచ్చే పీసా, అటవీ హక్కుల చట్టం... మా కోర్టు పనంతా వీటితోనే. బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో వచ్చిన తీర్పు మొత్తం చదువు, సారాంశాలతో సరిపెట్టకు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు నిలబడింది మన భూబదలాయింపు చట్టం మీద, రాజ్యాంగం మీద.

నీ పనికి అసలు కీలకం సమ్మతి, అంటే తమ భూమి మీద ఏం చేయాలన్నా ముందు ఆదివాసుల ఒప్పుదల తీసుకోవడం. ప్రకటనలో అది పెద్ద మాట. ఊళ్లో అది ఒక రిజిస్టరు. నేను చూసిన ఒకదాంట్లో వేలిముద్రలు కింద తీరుబడిగా వరసలు కట్టి ఉన్నాయి. పైన తీర్మానం మాత్రం వేరే సిరాతో, మిగిలిన జాగాలో ఇరికించినట్టు సన్నటి అక్షరాలతో ఉంది. ఏది ముందు పడిందో నీకు చెప్పాలా? కాబట్టి సభ ఎవరు పిలిచారు, ఏ భాషలో మాట్లాడారు, తెలుగులో రాసిన తీర్మానాన్ని కువి అనే గిరిజన భాష మాట్లాడేవాళ్లకు ఎవరు చదివి వినిపించారు, ఇవి అడుగు.

ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైటు గని కేసు గురించి అందరూ రాశారు, అయినా వదలకు. ఆ గని గురించి 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది. జిల్లా జడ్జి పరిశీలకుడిగా ఉండగా పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి, పన్నెండూ బాక్సైటు తవ్వకం వద్దన్నాయి. గెలుపు గురించి రాసినవాళ్లు చాలామందే. కొండ చుట్టూ అన్ని ఊళ్లుంటే ఆ పన్నెండింటినే ఒడిశా ప్రభుత్వం ఎందుకు ఎంచిందన్నది నువ్వు తవ్వు.

న్యూయార్కులో ఏటా జరిగే ఐక్యరాజ్యసమితి ఆదివాసీ సమస్యల శాశ్వత వేదికకు వెళ్లాలనుందన్నావు, వెళ్లు. అక్కడ ఒక్కొక్కరికి మాట్లాడే టైము కొద్ది నిమిషాలే. ఆ ఉపన్యాసాలకు పొంగిపోకుండా, తర్వాత ప్రభుత్వాలు ఏం జవాబిచ్చాయో రాసుకో. ఉత్తర అమెరికా ఆదివాసులైన హోడెనోషోనీల తరఫున వాళ్ల నాయకుడు డెస్కాహే 1923లో జెనీవా వెళితే, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి ఆయన్ని మాట్లాడనివ్వనేలేదు. ఆ వివరం నీ మొదటి అధ్యాయంలో ఉండి తీరాలి.

ఊళ్లకు వెళ్లేటప్పుడు ఆఫీసర్ల జీపు ఎక్కకు. ఎక్కావో, నీకు వినపడే జవాబులన్నీ ఆఫీసరుకు చెప్పేవే. కంపెనీకి ఎదురు మాట్లాడినవాళ్ల పేర్లు థీసిస్‌లో పెట్టకు, ఊరి గుర్తులూ మార్చు. నువ్వు విమానమెక్కి వెళ్లిపోతావు, వాళ్లక్కడే ఉండాలి. దుబాసీగా ఆ ఊరివాళ్లనే పెట్టుకో, రోజు కూలికి తగ్గకుండా ఇవ్వు. ఆ డబ్బు గ్రాంటులో ముందే రాయించుకో. తర్వాత అడిగితే మీ అకౌంట్స్ వాళ్లు రసీదులు చూపించమంటారు, కొండ మీద రసీదు పుస్తకాలెవరి దగ్గరుంటాయి?

మీ మామయ్య