నవంబర్‌లో ఇటలీ వస్తే తిండికీ, వైన్‌కీ, పండుగలకీ ఏం మిగిలి ఉంటుంది?

దీపావళి తర్వాతే సెలవు దొరుకుతుందనీ, అప్పటికి ఇటలీలో ఊళ్లన్నీ బోసిపోయి ఉంటాయేమోననీ అడిగారు. ఏ ప్రాంతానికి వెళ్తే మంచి తిండి, వైన్, స్థానిక పండుగలు దొరుకుతాయి, మీ శ్రీమతి గారు శాకాహారి కాబట్టి ఇబ్బంది పడతారా అన్నవి మీ మిగతా రెండు సందేహాలు. నేను ఉద్యోగరీత్యా టురిన్‌లో ఉంటున్నాను. తిండి కోసమే వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఎండాకాలం వద్దు, అక్టోబర్, నవంబర్ నెలల్లోనే రండి. బోసిపోయేవి సముద్రపు ఒడ్డు ఊళ్లు. ద్రాక్ష కోత, కొత్త ఆలివ్ నూనె, చెస్ట్‌నట్‌లు, తెల్ల ట్రఫుల్ అనే పుట్టగొడుగు, అన్నీ ఎండాకాలం ముగిశాకే వస్తాయి. ఆగస్టులో వస్తే ఎండకు మాడిపోవడమే కాదు, 15న వచ్చే ఫెర్రగోస్తో సెలవులకు నగరాల్లో మంచి భోజన హోటళ్లు చాలావరకు తాళాలు వేసుకుని ఉంటాయి.

మీకున్న రోజుల్లో రోమ్, వెనిస్, ఫ్లోరెన్స్ అన్నీ చుట్టేయాలని చూడకండి. ఒక్క ప్రాంతం పట్టుకోండి. నాకు తెలిసింది, నేను మనసారా ఇష్టపడేది టురిన్ ఉన్న వాయవ్య ఇటలీ ప్రాంతం పియెమాంతె, అందులోనూ ఆల్బా పట్టణం చుట్టూ ఉన్న లాంగె కొండలు. ఈ ద్రాక్షతోటల కొండలను 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. టురిన్ నుంచి ఆల్బాకు రైల్లో గంటకు కాస్త పైగా పడుతుంది. నెబ్బియోలో ద్రాక్ష కోత అక్టోబర్ మధ్యకల్లా దాదాపు అయిపోతుంది. ఆ తర్వాత తోటల ఆకులు పసుపు, ఎరుపు, ఇటుక రంగుల్లోకి తిరుగుతాయి. పొద్దున్నే పొగమంచు లోయలో నిలిచిపోయి, లా మొర్రా అనే ఊరి గుట్ట మీద నిలబడితే చుట్టూ కొండల తలలు మాత్రమే కనిపిస్తాయి. ఇది చూడాలంటే నవంబర్ మొదటి రెండు వారాలు చాలా మంచి సమయం.

ఆల్బాలో తెల్ల ట్రఫుల్ సంత అక్టోబర్‌లో మొదలై డిసెంబర్ తొలి రోజుల దాకా వారాంతాల్లో జరుగుతుంది. ట్రఫుల్ అంటే చెట్ల వేర్లను అంటిపెట్టుకుని నేలలోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగు. ఓక్, పోప్లర్, హేజెల్ చెట్ల కింద దొరుకుతుంది. తెల్ల ట్రఫుల్‌ను తోట వేసి పండించడం దాదాపు అసాధ్యం, అందుకే ఆ ధర. శిక్షణ ఇచ్చిన కుక్క వాసన పట్టి గోకడం మొదలుపెట్టగానే మనిషి దాన్ని పక్కకు జరిపి, చిన్న గునపం లాంటి పనిముట్టుతో మట్టిని కొంచెం కొంచెంగా తీస్తాడు. ట్రఫుల్ చేతికొచ్చాక కుక్కకు బిస్కెట్ ఇస్తాడు, తవ్విన గుంటను మళ్లీ మట్టితో పూడుస్తాడు. వచ్చే ఏడు అక్కడే మళ్లీ దొరకాలంటే ఆ పూడ్చడం తప్పనిసరి. 2021లో ఈ వేట కళను కూడా యునెస్కో గుర్తించింది. ముందుగా బుక్ చేసుకుంటే మనల్ని కూడా అడవిలోకి తీసుకెళ్తారు. తప్పకుండా వెళ్లండి.

సంత లోపలికి టికెట్ ఉంటుంది. బల్లల మీద ట్రఫుల్స్ గాజు మూతల కింద పెట్టి ఉంటాయి. అడిగితే మూత తీసి వాసన చూడనిస్తారు. ఇంగువ డబ్బా మూత తీసినప్పుడు ఎలా ఇల్లంతా తెలుస్తుందో అలాంటి ఘాటు, కానీ అందులో వెల్లుల్లి, తేనె, తడి మట్టి కలిసినట్టుంటుంది. అమ్మకానికి పెట్టే సరుకును నిపుణులు పరీక్షిస్తారు కాబట్టి మోసపోతామన్న టెన్షన్ అక్కర్లేదు. హోటల్లో మాత్రం ఆ రోజు గ్రాము ఎంతో ముందే అడగండి. ట్రఫుల్‌ను మీ ముందే తూచి, ప్లేటులో పల్చగా తురిమి, మళ్లీ తూస్తారు. తేడాకే డబ్బు. ఒక ప్లేటుకు పది గ్రాముల లోపే సరిపోతుంది. తెల్ల ట్రఫుల్‌ను ఎప్పుడూ వండరు, వేడి వేడి పాస్తా మీద పచ్చిగానే వేస్తారు. "ట్రఫుల్ నూనె" అని అమ్మే సీసాల జోలికి పోకండి, చాలావాటిలో ఉండేది కృత్రిమ వాసనే.

శాకాహారం సంగతి. ట్రఫుల్ శాకాహారమే. దాన్ని ఎక్కువగా తజరీన్ అనే సన్నటి పాస్తాతో, వెన్నతో తింటారు. తజరీన్‌లో గుడ్డు సొనలు బాగా పడతాయి, మీ శ్రీమతి గారు గుడ్డు తింటారో లేదో చూసుకోండి. తినకపోతే పొలెంతా, అంటే మొక్కజొన్న రవ్వతో చేసే ముద్ద, దాని మీద కరిగించిన జున్నుతో (చీజ్‌తో) కడుపు నిండుతుంది. కాకపోతే పార్మిజాన్ లాంటి పేరున్న జున్నుల్లో పాలను విరగ్గొట్టడానికి దూడ కడుపు నుంచి తీసే రెనెట్ అనే పదార్థం వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తీసుకోవాలి. బాన్యా కావుదా అనే వేడి సాస్‌లో కూరగాయలు ముంచుకు తింటారు, చూస్తే శాకాహారంలాగే ఉంటుంది కానీ అందులో వెల్లుల్లితో పాటు ఆంచొవీ చేపలు కరిగి ఉంటాయి. చిన్న మడతల్లా ఉండే ప్లీన్ పాస్తా లోపల మాంసం ఉంటుంది. రిసోత్తో అనే అన్నం వంటకాన్ని కూడా చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు. అందుకని "సెన్జా కార్నె, సెన్జా పెషె, సెన్జా బ్రోదో" (senza carne, senza pesce, senza brodo) అని ఒక కాగితం మీద రాసుకుని చూపించండి: మాంసం, చేప, మాంసం రసం ఏవీ వద్దని. నాకు తెలిసి ఎవరూ విసుక్కోరు, వంటవాళ్లు బయటికొచ్చి మరీ ఏం చేసి పెట్టగలరో చెప్తారు.

వైన్‌కి బరోలో, బర్బరెస్కో. రెండూ నెబ్బియోలో ద్రాక్షతోనే చేస్తారు. బరోలో అమ్మకానికి రావాలంటే కనీసం 38 నెలలు నిల్వ ఉండాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. బర్బరెస్కోకు 26 నెలలు, 9 నెలలు పీపాల్లో. కాబట్టి ఈ ఏడు కోసిన ద్రాక్ష రుచి మీకు ఇప్పుడే దొరకదు. బర్బరెస్కో ఊళ్లో ఒకప్పటి చర్చిలో ఆ ప్రాంతపు వైన్‌లన్నీ ఒకచోట రుచి చూసే దుకాణం ఉంది, చాలామంది రైతుల సీసాలు అక్కడే దొరుకుతాయి. మొదట అక్కడికి వెళ్లి, నచ్చినవాళ్ల సెల్లార్‌కు, అంటే వైన్ నిల్వ ఉంచే చోటికి, ఫోన్ చేసి బుక్ చేసుకోవడం నాకు నచ్చిన పద్ధతి. చెప్పకుండా తలుపు తట్టడం ఇక్కడ బాగోదు. రోజూ తాగేందుకు బార్బెరా, దొల్చెత్తో అనే వైన్‌లు చవకగా ఉంటాయి, ఈ ఊళ్లవాళ్లు భోజనంలో తాగేవి అవే. కారు నడిపే మనిషి మాత్రం తాగకూడదు, కొండ దారుల్లో రాత్రి పొగమంచు చాలా ప్రమాదం.

పండుగలు కావాలంటే అక్టోబర్ మొదటి ఆదివారానికి రాగలరేమో చూడండి. ఆల్బాలో గాడిద పందేలు పెడతారు, పొరుగున ఆస్తి (Asti) అనే ఊళ్లో గుర్రాల పందెం ఉంటుంది, దాన్ని వెక్కిరించడానికే ఇది. గాడిదలు సగం దూరం పరిగెత్తి ఆగిపోతే ఊరంతా కేకలు. దగ్గరే ఉన్న బ్రా పట్టణం కార్లో పెట్రిని స్లో ఫుడ్ ఉద్యమం (ఫాస్ట్ ఫుడ్‌కు బదులు స్థానిక, సంప్రదాయ తిండిని కాపాడుకోవాలనేది) మొదలుపెట్టిన ఊరు, బేసి సంవత్సరాల్లో సెప్టెంబర్‌లో అక్కడ జున్ను పండుగ జరుగుతుంది. ఇక చిన్న ఊళ్ల సంబరాలు, వీటిని సాగ్రా అంటారు. ఊరి సంఘం వాళ్లే వండుతారు. ముందు కౌంటర్ దగ్గర డబ్బు కట్టి చీటీ తీసుకుని, పొడవాటి బల్లల దగ్గర ముక్కూ ముఖం తెలియనివాళ్ల పక్కన కూర్చోవాలి. చెస్ట్‌నట్‌లను చిల్లుల పెనం మీద కాల్చి కాగితం పొట్లంలో ఇస్తారు.

నవంబర్ కుదరకపోతే ఫిబ్రవరిలో లేదా మార్చి మొదట్లో ఇవ్రెయా ఊరి కార్నివాల్ ఉంది, టురిన్ నుంచి రైల్లో సుమారు గంట. మూడు రోజుల పాటు జట్లుగా విడిపోయి నారింజలు విసురుకుంటారు. ఎర్ర టోపీ పెట్టుకున్నవాళ్లను కొట్టకూడదని నియమం, మీరు కొనుక్కుని పెట్టుకోండి. జారే బూట్లు వద్దు, వీధంతా గుజ్జు.

నవంబర్‌లో సాయంత్రం ఐదింటికల్లా చీకటి పడుతుంది, కాబట్టి తోటలు పొద్దున చూసి, సెల్లార్లు మధ్యాహ్నానికి పెట్టుకోండి. చాలా భోజన హోటళ్లు వారంలో ఒకటి రెండు రోజులు మూసేస్తారు. శనివారాల్లో ఆల్బాలో గదులు దొరకడం కష్టం, అందుకని సంతకు శని లేదా ఆదివారం ఉంచి, బస టురిన్‌లోనో బ్రాలోనో చూసుకోండి. షెన్‌గెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ వారాంతం ఏ ఊళ్లో సాగ్రా ఉందో చూసి చెప్తాను.