ఇంగ్లీషు వాక్యం కట్టేటప్పుడు ముందు ఏం చూడాలి

అమ్మడూ,

పన్నెండు టెన్సుల పట్టిక గోడకు అంటించుకుని రోజూ వల్లె వేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. దాన్ని కొన్నాళ్లు తీసి పక్కన పెట్టు. పట్టిక తప్పని కాదు, వాక్యం కట్టడం వచ్చినవాళ్లు సరిచూసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది, కానీ వాక్యం దేని మీద నిలబడుతుందో తెలియకుండా దాన్ని బట్టీ పడితే "షల్ హావ్ బీన్ గోయింగ్" నోటికి వస్తుంది, "మా తమ్ముడికి జ్వరం వచ్చింది" అని చెప్పాల్సి వస్తే మాత్రం టెన్షన్ మొదలవుతుంది. ఉదాహరణలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, పైకి చదువు, కంటికంటే చెవికే తొందరగా పట్టుబడతాయి.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకో, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. "పిల్లి ఎలుకను పట్టింది" అను, "ఎలుకను పిల్లి పట్టింది" అను, "పట్టింది ఎలుకను పిల్లి" అను, మనకి అర్థం మారదు. ఎవరు పట్టారో, ఎవరు దొరికిపోయారో ఆ "ను" చెప్పేస్తోంది కాబట్టి మాటల్ని ఎటు తిప్పినా పరవాలేదు. ఇంగ్లీషులో ఆ "ను" లేదు. "ద క్యాట్ కాట్ ద ర్యాట్" అన్నదాన్ని తిప్పి "ద ర్యాట్ కాట్ ద క్యాట్" అంటే ఎలుకే పిల్లిని పట్టేసింది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషుకీ మనలాగే విభక్తి ప్రత్యయాలు ఉండేవి. 11వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం లోపు అవి దాదాపుగా అరిగిపోయాయి, "హి - హిమ్", "షి - హర్", "దే - దెమ్" లాంటి సర్వనామాల్లో మాత్రం ఇంకా మిగిలాయి. అవి పోయాక ఆ పనంతా మాటల వరస మీద పడింది. అందుకే ఇంగ్లీషులో వరస అంటే అందం కోసం పాటించేది కాదు, అర్థమే అందులో ఉంది.

వరస ఇది: కర్త, వెంటనే క్రియ, ఆ క్రియని అంటిపెట్టుకుని కర్మ, ఆ తర్వాతే ఎలా, ఎక్కడ, ఎప్పుడు. క్రియకీ కర్మకీ మధ్య ఇంకేదీ దూర్చకు. "ఐ లైక్ వెరీ మచ్ దిస్ సాంగ్" తప్పు, "ఐ లైక్ దిస్ సాంగ్ వెరీ మచ్" అనాలి. "నిన్న" లాంటి మాట వాక్యం మొదట్లో పెట్టుకున్నా తప్పులేదు, కానీ దాని వెనక మళ్లీ కర్త, క్రియ అదే వరసలో రావాలి.

ఇక కర్త. మనం "వస్తున్నాను" అని ఊరుకుంటాం, చివరి "ను" చూసి "నేను" అని అవతలివాళ్లకి తెలిసిపోతుంది. ఇంగ్లీషు క్రియకి ఆ తోక లేదు, కాబట్టి కర్త కుర్చీ ఖాళీగా ఉండకూడదు. కూర్చోబెట్టడానికి ఎవరూ లేకపోయినా సరే, ఎవరినో ఒకరిని కూర్చోబెడతారు. "వాన పడుతోంది" అనడానికి "ఇట్ ఈజ్ రెయినింగ్" అంటారు, అక్కడ "ఇట్"కి అర్థమేమీ లేదు, ఊరికే కుర్చీ నింపడానికి వచ్చింది. "ఆలస్యమైంది" అంటే "ఇట్ ఈజ్ లేట్". "గదిలో ఎవరో ఉన్నారు" అంటే "దేర్ ఈజ్ సమ్‌వన్ ఇన్ ద రూమ్". ఎవరికైనా ఏదైనా చెయ్యమని చెప్పేటప్పుడు మాత్రం, "కమ్ హియర్", "సిట్ డౌన్" అన్నట్టు, కర్త లేకుండా నడుస్తుంది.

క్రియ సంగతీ అంతే. "ఆయన డాక్టరు", "ఈ ఇల్లు పెద్దది" అంటాం, మనకి అందులో క్రియే అక్కర్లేదు. ఇంగ్లీషులో అక్కడ "ఈజ్" పెట్టకపోతే అది వాక్యం కాదు: "హి ఈజ్ ఎ డాక్టర్", "దిస్ హౌస్ ఈజ్ బిగ్".

కర్త దగ్గర మనవాళ్లందరికీ కాలు జారే చోటు ఇంకోటి ఉంది, "నాకు". మనం రోజంతా "నాకు" అనే మాట్లాడుకుంటాం చూడు: నాకు ఆకలిగా ఉంది, నాకు తెలుసు, నాకు జ్వరం వచ్చింది, నాకు ఇద్దరు తమ్ముళ్లు, నాకు ఈ పాట ఇష్టం, నాకు ఇది కావాలి. వీటిని అలాగే పట్టుకుని "టు మీ" అనో "ఫర్ మీ" అనో మొదలుపెట్టావా, ఆ వాక్యం ఇక ఒడ్డుకు చేరదు. వీటన్నిటికీ ఇంగ్లీషులో కర్త "ఐ": "ఐ యామ్ హంగ్రీ", "ఐ నో", "ఐ హావ్ ఎ ఫీవర్", "ఐ హావ్ టూ బ్రదర్స్", "ఐ లైక్ దిస్ సాంగ్", "ఐ నీడ్ దిస్". ఒక పని చెయ్యి. రోజూ నీ నోట వచ్చే "నాకు" వాక్యాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోదాన్ని "ఐ"తో మొదలుపెట్టి తిరగరాయి. దీనివల్ల వచ్చే లాభం ఏ పట్టిక వల్లా రాదు. "మా తమ్ముడికి జ్వరం"లోనూ ఇదే కిటుకు: "మై బ్రదర్ హాజ్ ఎ ఫీవర్".

ఇప్పుడు అసలు సంగతి, అందరూ ఎక్కువ తప్పులు చేసేది ఇక్కడే కాబట్టి తీరుబడిగా చదువు. కాలాన్ని చెప్పే గుర్తు వాక్యంలోని మొదటి క్రియ మీదే ఉంటుంది, రెండోదాని మీద ఉండదు. "డిడ్ యు వెంట్" ఎందుకు తప్పు? గతం అని "డిడ్" చెప్పేసింది, మళ్లీ "వెంట్" చెప్పక్కర్లేదు, "డిడ్ యు గో" చాలు. "హి డిడ్ నాట్ కేమ్" కాదు, "హి డిడ్ నాట్ కమ్". హి, షి, ఇట్ వచ్చినప్పుడు క్రియకి తగిలించే "ఎస్" కూడా అంతే, అది ఒక్కటే ఉంటుంది, మొదటి క్రియే దాన్ని మోస్తుంది. "షి నోస్" సరే, కానీ "డజ్" వచ్చిందంటే ఆ "ఎస్" దాని మీదికి వెళ్లిపోయినట్టే, "డజ్ షి నో", "షి డజంట్ నో". కెన్, విల్, షుడ్, మస్ట్ లాంటివైతే "ఎస్" అసలు ఎత్తుకోవు, వెనకున్న క్రియనీ ఎత్తుకోనివ్వవు: "షి కెన్ సింగ్".

ప్రశ్న వెయ్యాలంటే ఆ మొదటి క్రియ కర్తకి ముందుకు గెంతుతుంది: "షి ఈజ్ కమింగ్", "ఈజ్ షి కమింగ్?" కాదనాలంటే దాని వెనక "నాట్" పెడతాం: "షి ఈజ్ నాట్ కమింగ్". చివర్న మనం "కదా" అన్నట్టు అనాలన్నా దాన్నే మళ్లీ తెస్తాం: "యు ఆర్ కమింగ్, ఆరంట్ యు?" "షి కెన్ సింగ్, కాంట్ షి?" ప్రతిదాని చివరా "ఈజింట్ ఇట్" అతికించేవాళ్లని చూసి నేర్చుకోకు. మరి ఈజ్, కెన్ లాంటి సహాయక్రియ లేకపోతే? "దే లివ్ హియర్"లో ముందుకు గెంతడానికి ఎవరూ లేరు, అప్పుడు "డూ"ని పిలుచుకొస్తాం: "డూ దే లివ్ హియర్?" ఒక్క మినహాయింపు గుర్తుపెట్టుకో, "హూ" అనేదే కర్త అయితే ఎవరూ గెంతక్కర్లేదు, "హూ కేమ్?" అంటే సరిపోతుంది, "హూ డిడ్ కమ్?" అనరు. ప్రశ్న ఇంకో వాక్యం లోపల దాక్కున్నా గెంతు ఉండదు: "టెల్ మీ వేర్ హి ఈజ్" అనాలి, "వేర్ ఈజ్ హి" కాదు. ఇది ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా తప్పుతారు.

సహాయక్రియల వెనక ఏ రూపం వస్తుందన్నది మూడు ముక్కల్లో తేలిపోతుంది. డూ, డిడ్, కెన్, విల్, మస్ట్ వెనక క్రియ అసలు రూపంలో. హావ్, హాజ్, హాడ్ వెనక మూడో రూపం, అంటే గాన్, సీన్, డన్ లాంటివి. యామ్, ఈజ్, ఆర్, వాజ్, బీన్ వెనక "ఇంగ్", లేదా ఆ పని కర్తకే జరిగితే మూడో రూపం. నీ గోడ మీది పన్నెండు గడులూ ఈ మూడింట్లోంచే పుట్టాయి. "షి మస్ట్ హావ్ బీన్ స్లీపింగ్" చూడు: మస్ట్ వెనక హావ్ అసలు రూపంలో ఉంది, హావ్ వెనక బీన్ మూడో రూపం, బీన్ వెనక స్లీపింగ్. రైలు డబ్బాల్లా ఒక్కోటి తన వెనకదాన్ని మాత్రమే లాగుతుంది.

కాలాల వాడకంలో రెండు మూడు చెప్తాను, మిగతావి చదువుతుంటే వచ్చేస్తాయి. మనకి "రోజూ వెళ్తాను", "రేపు వెళ్తాను" రెండిటికీ ఒకటే క్రియ. ఇంగ్లీషులో అలవాటైతే "ఐ గో ఎవ్రీ డే", రేపటిదైతే "ఐ విల్ గో టుమారో". "నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు" అన్నది ఇప్పుడు జరుగుతున్న పని కాదు, ఉన్న స్థితి, కాబట్టి "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అనకూడదు, "ఐ యామ్ నోయింగ్" అసలే అనకూడదు. "చూశాను" అనడానికి "ఐ సా", "ఐ హావ్ సీన్" రెండూ ఉన్నాయి, ఎప్పుడు చూశావో చెప్పేస్తే "హావ్" తీసెయ్: "ఐ సా హిమ్ యెస్టర్‌డే". మూడేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను అనాలంటే "ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్". "యామ్ లివింగ్" కాదు, "సిన్స్ త్రీ ఇయర్స్" కూడా కాదు. ఎంతకాలం అంటే "ఫర్", ఎప్పటి నుంచి అంటే "సిన్స్", "సిన్స్ 2021" అన్నట్టు.

ఎ, ఎన్, ద గురించి అబద్ధం చెప్పను, మనకి లేనివి కాబట్టి ఇవి ఆఖర్న వస్తాయి, ఏళ్లు పట్టినా బెంగపడకు. ఒకటి మాత్రం ఇవాళే నేర్చుకో: లెక్కపెట్టగలిగే వస్తువు ఒక్కటే ఉన్నప్పుడు ఆ మాటని ఒంటరిగా వదలకూడదు, ముందు ఎ, ద, మై, దిస్ ఏదో ఒకటి ఉండాలి. "ఐ బాట్ బుక్" కాదు, "ఐ బాట్ ఎ బుక్". ఏ పుస్తకమో అవతలివాళ్లకి తెలిస్తే "ద బుక్". ఎన్ పెట్టాలా ఎ పెట్టాలా అన్నది అక్షరం చూసి కాదు, పలుకు విని తేల్చుకో: "ఎన్ అవర్", "ఎ యూనివర్సిటీ". ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, వీటికి బహువచనం లేదు, చివర "ఎస్" తగిలించకు.

ఇన్, ఆన్, ఎట్ లాంటివాటికి కారణం వెతుక్కుంటూ కూర్చోకు, చాలా చోట్ల కారణం ఉండదు. గంటకి ఎట్, రోజుకీ తారీఖుకీ ఆన్, నెలకీ ఏడాదికీ ఇన్. క్రియల వెనక వచ్చేవి క్రియతో కలిపే నేర్చుకో: "లిసన్ టు", "వెయిట్ ఫర్", "డిపెండ్ ఆన్". "డిస్కస్" వెనక మాత్రం "అబౌట్" అక్కర్లేదు, "ఉయ్ డిస్కస్డ్ ద ప్లాన్" అంతే.

ఇంకోటి, ఇది పుస్తకాల్లో అంతగా కనపడదు గానీ ఫోన్లో, ఇంటర్వ్యూలో నిజంగా గందరగోళం తెస్తుంది. "నువ్వు ఫారం పంపలేదా?" అంటే మనం "అవును, పంపలేదు" అంటాం, ఎదుటివాడి మాటతో ఒప్పుకుంటున్నాం కాబట్టి. ఇంగ్లీషులో ఎదుటివాడి మాట సంగతి ఉండదు, పని జరిగిందా లేదా అన్నదే చూస్తారు. "డిడంట్ యు సెండ్ ద ఫామ్?" అంటే, పంపకపోతే "నో, ఐ డిడంట్". నువ్వు ఉత్త "యెస్" అన్నావంటే పంపేశావనుకుని ఫోన్ పెట్టేస్తారు.

రెండు వాక్యాలు కలిపేటప్పుడు కలిపే మాట ఒక్కటే వాడు. "ఆల్దో" అన్నాక మళ్లీ "బట్" వద్దు, "బికాజ్" అన్నాక "సో" వద్దు. నేను ఈ ఉత్తరంలో చేస్తున్నట్టు పూర్తి వాక్యాల్ని కామాలతో గొలుసు కట్టుకుంటూ పోవడం తెలుగులో చెల్లుతుంది గానీ ఇంగ్లీషులో తప్పు కింద లెక్క. అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టు, లేకపోతే అండ్, బట్, సో లాంటిది ఒకటి పెట్టు.

ఎవరైనా "వాక్యం చివర్లో టు, ఫర్, విత్ రాకూడదు" అని దిద్దితే కంగారుపడకు. 1672లో జాన్ డ్రైడెన్ అనే ఆంగ్ల కవి దాన్ని దోషమన్నాడు, తర్వాత బళ్లలో అదే రూలైపోయింది. "హూ ఆర్ యు టాకింగ్ టు?" అన్నది శుద్ధమైన ఇంగ్లీషే. వాక్యాన్ని "అండ్"తో, "బట్"తో మొదలుపెట్టడమూ తప్పు కాదు.

రాసింది సరిచూసుకునేటప్పుడు ముందు స్పెల్లింగుల జోలికి పోకు. ప్రతి వాక్యంలో కర్త కింద ఒక గీత, మొదటి క్రియ కింద ఒక గీత గియ్యి. గీత గియ్యడానికి కర్త దొరక్కపోతే, క్రియ దొరక్కపోతే, కాలం గుర్తు రెండు చోట్ల కనపడితే, తప్పు అక్కడే ఉంది. కర్త పొడుగ్గా ఉన్నప్పుడు జాగ్రత్త: "ద లిస్ట్ ఆఫ్ న్యూ స్టూడెంట్స్ ఈజ్ రెడీ"లో కర్త లిస్ట్, స్టూడెంట్స్ కాదు, కాబట్టి "ఆర్" రాదు. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ హియర్" కూడా అంతే, "ఫ్రెండ్స్"కి ఎస్ ఉండాలి, క్రియ మాత్రం "వన్"తో పోవాలి.

ఈ వారం "నాకు" వాక్యాలు చూసుకో, వచ్చే వారం "డిడ్", "డజ్"లతో ప్రశ్నలు రాయి. రాసినవి నాకు పంపు, గీతలు గీసి మరీ పంపు. కంప్యూటర్‌తో దిద్దించినవి మాత్రం పంపకు, నువ్వు ఎక్కడ తడబడుతున్నావో నాకు కనపడాలి.

మీ పెదనాన్న