డ్యూయీ ఏడీ?

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి సరదాగా, రెండోసారి చేతిలో పెన్సిలు పట్టుకుని. 1950లలో అమెరికాలోని మెంఫిస్ ఊరిని రాత్రిపూట రేడియోలో ఊపేసిన డ్యూయీ ఫిలిప్స్ గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకు ముందు శభాష్. ఇక తిట్లు.

పన్నెండు పేరాలు రాశావు. అందులో ఏడింటిలో రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఉన్నాడు. నాలుగింట్లో సన్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ నడిపిన శామ్ ఫిలిప్స్ ఉన్నాడు (అతను డ్యూయీకి స్నేహితుడు, చుట్టం కాదు. ఇంటిపేరు ఒకటే కాబట్టి ఆ సంగతి ఒక మాట చెప్పాల్సింది). డ్యూయీ మాత్రం తలుపు తీసి పెద్దవాళ్ళని లోపలికి పంపించే మనిషిలా ఉన్నాడు.

నా ఇరవై ఆరో ఏట నేనూ ఇదే చేశాను. మా ఊళ్ళో పద్యనాటకాలకు హార్మోనియం వాయించే పెద్దాయన పోతే ఒక వారపత్రికకు నివాళి రాశాను. ఏయే నటులకు వాయించాడో, ఏ పద్యానికి ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయో ఏకరువు పెట్టాను. పత్రిక పట్టుకుని వాళ్ళింటికి వెళ్తే ఆయన భార్య మనవరాలి చేత చదివించుకుని, ‘బాగుంది నాయనా. ఇందులో మా ఆయన ఏడీ?’ అంది. కాఫీ ఇస్తూ ఇంకో మాట చెప్పింది. ఆ పెట్టెలో ఒక రీడు పదేళ్ళుగా పలకడం లేదట. బాగుచేయించడానికి డబ్బు చాలక, ఆ స్వరం వచ్చిన చోటల్లా నటుడి గొంతుకి వదిలేసి తను పక్కనుంచి దాటేసేవాడట. జనం దాన్ని ఆయన స్టైల్ అనుకునేవాళ్ళు. నేనూ అలాగే రాశాను.

కాబట్టి ఆ పలకని రీడు ఎక్కడుందో వెతుకు. డ్యూయీ దగ్గర అవి చాలా ఉన్నాయి.

క్రంప్ అనే చిన్న ఊళ్ళో 1926లో పుట్టి, రెండో ప్రపంచయుద్ధంలో సైనికుడిగా పనిచేసి వచ్చి, మెంఫిస్‌లో ఒక పెద్ద దుకాణంలో రికార్డులు అమ్మాడు. 1949లో డబ్ల్యూహెచ్‌బీక్యూ స్టేషన్‌లో ‘రెడ్ హాట్ అండ్ బ్లూ’ అనే ప్రోగ్రామ్ చేతికొచ్చింది. రాత్రి 9 నుంచి 12 దాకా అతని రాజ్యం. ఇదంతా నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. మనిషి ఎలా మాట్లాడేవాడో రాయనే లేదు. పల్లెటూరి యాసలో, ఊపిరి తీసుకోకుండా, పాట నడుస్తుండగానే పాట మీద మాట్లాడేవాడు. స్పాన్సర్ రాసిచ్చిన కాగితాన్ని ఉన్నదున్నట్టు చదివేవాడు కాదు. నోటికొచ్చింది కలిపి, ఆ కొట్టుకి వెళ్ళి ‘ఫిలిప్స్ పంపాడని చెప్పండి’ అని ముగించేవాడు. అతని ప్రోగ్రాముల రికార్డింగులు కొన్ని మిగిలాయి. విన్నావా? వినకపోతే పెన్ను కింద పెట్టి ముందు అవి విను. భాష అర్థం కాకపోయినా పర్లేదు. ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ నవ్వాడో, పాటలోకి ఎప్పుడు దూరాడో రాసుకో. గొంతుతో బతికిన మనిషిని ‘మంత్రముగ్ధుల్ని చేసేవాడు’ అంటే నాకు ఏమీ వినబడదు.

అప్పటి మెంఫిస్‌లో తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ బళ్ళు వేరు, బస్సులో సీట్లు వేరు. డబ్ల్యూడీఐఏ అనే స్టేషన్ నల్లజాతి శ్రోతల కోసమే ప్రోగ్రాములు నడిపేది. కానీ 1954లో పెద్ద ట్రాన్స్‌మిటర్ వచ్చేదాకా పొద్దుగూకితే అది మూగబోయేది. చీకటి పడ్డాక ఆ ఖాళీలోకి డ్యూయీ వచ్చాడు. తను తెల్లవాడు. వేసేది నల్లవాళ్ళ బ్లూస్, దాని వెనకే చర్చి పాటల గాస్పెల్, దాని వెనకే తెల్ల పల్లెల కంట్రీ. రెండు రకాల ఇళ్ళలోనూ అదే స్టేషన్ పెట్టుకుని వినేవాళ్ళు. ఈ పొద్దుగూకే సంగతి నీ వ్యాసంలో లేదు. పెట్టు. ‘సంగీతం సరిహద్దుల్ని చెరిపేసింది’ అనే వాక్యం తీసెయ్యి.

ఇప్పుడు 1954 జూలై రాత్రికి వద్దాం. చిస్కా హోటల్ మెజనైన్‌లో, అంటే రెండంతస్తుల నడుమ ఉండే చిన్న అంతస్తులో, స్టూడియో. శామ్ ఇచ్చిన కొత్త రికార్డు డ్యూయీ వేశాడు, మళ్ళీ మళ్ళీ వేశాడు. ఏడుసార్లని కొందరు, 14 సార్లని కొందరు అంటారు. నువ్వు 14 తీసుకున్నావు, అది పెద్దది కాబట్టి. ‘మళ్ళీ మళ్ళీ’ చాలు. పాడిన కుర్రాడు ఎల్విస్, టెన్షన్ తట్టుకోలేక సినిమా హాల్లో దూరాడు. డ్యూయీ ఫోన్ చేస్తే అమ్మానాన్నా వెళ్ళి వెతికి పట్టుకొచ్చారు.

తర్వాతది డ్యూయీయే చెప్పిన కథ. కుర్రాడు వణికిపోతూ నాకు ఇంటర్వ్యూలు చేతకావన్నాడు. బూతులు మాట్లాడకు చాలు అని కూర్చోబెట్టి, రికార్డు సిద్ధం చేస్తున్నట్టు నటిస్తూ కబుర్లు మొదలుపెట్టాడు డ్యూయీ. ఏ హైస్కూల్లో చదివావని అడిగాడు. హ్యూమ్స్ అన్నాడు కుర్రాడు. కాసేపటికి డ్యూయీ థాంక్స్ చెబితే, మరి ఇంటర్వ్యూ చెయ్యరా అని అడిగాడు కుర్రాడు. అయిపోయింది, ఇంతసేపూ మైకు తెరిచే ఉంది అన్నాడు డ్యూయీ. కుర్రాడికి చెమటలు పట్టాయి.

నువ్వు ఈ సీన్ని ఆ చెమట కోసం రాశావు. నేనైతే హైస్కూల్ దగ్గర ఆగేవాణ్ణి. ఆ పాట విన్నవాళ్ళలో చాలామంది పాడింది నల్లవాడనుకున్నారు. బళ్ళలో జాతుల్ని విడదీయడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి రెండు నెలలే అయింది, మెంఫిస్‌లో ఏమీ మారలేదు. హ్యూమ్స్ తెల్లపిల్లల బడి. ఆ ఒక్క పేరుతో ఊరందరికీ సంగతి అర్థమైపోయింది. డ్యూయీ నోట జాతి అన్న మాటే రాలేదు. అతన్ని గట్టిగా అరిచే పిచ్చివాడిగా రాశావే, ఎంత లెక్క తెలిసిన మనిషో ఇక్కడ కనిపిస్తాడు. ఆ ప్రశ్న నాకు ఇబ్బందిగానూ ఉంటుంది. రెండిళ్ళకీ పాట వినిపించినవాడే, పాడినవాడు ఏ ఇంటివాడో చెప్పి తెల్లశ్రోతల్ని కుదుటపరిచాడు. ఈ ఇబ్బందిని సర్దెయ్యకు, అలాగే ఉండనీ.

చివరి పదేళ్ళని నువ్వు ‘విషాదకరంగా ముగిసింది’ అని దాటేశావు. అక్కడా ఆగాలి. 1950ల చివరికి టాప్ 40 పద్ధతి వచ్చింది. స్టేషన్ వాళ్ళు ఒక జాబితా ఇస్తారు, అవే పాటలు తిప్పితిప్పి వెయ్యాలి, మాట తగ్గించాలి. తనకు నచ్చింది నచ్చినన్నిసార్లు వేసుకునేవాడికి ఆ జాబితా సంకెలే. డ్యూయీ ఉద్యోగం పోయింది. పాత కారు ప్రమాదాల నొప్పులు, వాటికి మాత్రలు, పైన తాగుడు. అతనూ తక్కువవాడేం కాదు. 1957లో ఎల్విస్ పాట ఒకటి విడుదలకు ముందే కాపీ తెచ్చి రేడియోలో వేసేసి, ఆ స్నేహాన్నీ చెడగొట్టుకున్నాడు. తర్వాత చిన్నచిన్న స్టేషన్లు. 1968 సెప్టెంబర్‌లో పోయాడు. 42 ఏళ్ళు.

నీ చివరి పేరా చదివినప్పుడు పెన్సిలు గట్టిగానే నొక్కాను. ‘తొమ్మిదేళ్ళ తర్వాత ఎల్విస్ కూడా సరిగ్గా 42 ఏళ్ళకే’ అని ముగించావు. నిజమే, 1977లో పోయినప్పుడు అతని వయసూ అంతే. దొరకగానే నువ్వు ఎగిరి గంతేసి ఉంటావు, నాకు తెలుసు. కొట్టెయ్. చావులో కూడా డ్యూయీ కుర్చీ ఎల్విస్‌కి ఇచ్చేశావు.

ఏ వాక్యంతో ముగించాలో నేను చెప్పను, ఆ టేపులు విన్నాక నీకే దొరుకుతుంది. మళ్ళీ రాసి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, కళ్ళజోడు మార్పించుకోవడానికి ఇంకా వెళ్ళలేదు. సంక్రాంతికి వస్తే ఆ హార్మోనియం చూపిస్తాను. ఆయన భార్య పోయాక మనవరాలు నాకు ఇచ్చేసింది. రీడు ఇప్పటికీ పలకదు.

మీ అన్నయ్య