ముందు లైసెన్సును బయటికి తీయండి

ప్రశ్న: నమస్తే సార్. చెన్నై అంబత్తూరులో రబ్బరు ప్రెస్సుల కంపెనీలో మెయింటెనెన్సు చూస్తాను. ప్యానెల్‌లో ప్రెస్సును నడిపే కంట్రోలర్ (పీఎల్‌సీ) సిమెన్స్ ఎస్7-300, పాత 314 సీపీయూ. దాని ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ స్టెప్ 7 ఉన్న విండోస్ ఎక్స్‌పీ ల్యాప్‌టాప్ రోజూ మొరాయిస్తోంది. హార్డ్ డిస్కు క్లోన్ చేయిస్తే, అంటే ఉన్నదున్నట్టు నకలు తీయిస్తే, స్టెప్ 7 లైసెన్సు పోతుందంటున్నారు. ఎవరో దొంగ కాపీ ఇస్తామంటున్నారు. ఏం చేయను?

జవాబు: లైసెన్సు గురించి మీకు చెప్పినవాళ్లు సరిగ్గానే చెప్పారు. ఆ లైసెన్సు మామూలు ఫైలు కాదు. డిస్కులో కనపడకుండా ఉండే ఫోల్డరులో కూర్చుంటుంది, కాపీకి లొంగదు, క్లోనింగ్‌లో చెడిపోయే ప్రమాదం ఉంది. ఈసారి ల్యాప్‌టాప్ లేవగానే ఇంకేదీ ముట్టుకోకుండా సిమెన్స్ వారి ఆటోమేషన్ లైసెన్స్ మేనేజర్ ప్రోగ్రాం తెరిచి, లైసెన్సు కీని పెన్‌డ్రైవ్‌లోకి ట్రాన్స్‌ఫర్ చేయండి. కీ అక్కడికి చేరితే ఇక్కడ ఉండదు, ఒక్కచోటే ఉంటుంది. కాబట్టి ఆ పెన్‌డ్రైవ్ మీద పేరు రాసి, ఎవరూ ఫార్మాట్ చేయకుండా బీరువాలో పెట్టించండి.

ఆ తర్వాత స్టెప్ 7లోని మీ ప్రాజెక్టును ఆర్కైవ్ చేసి, అంటే ఒకే ఫైలుగా మూటకట్టి, రెండు చోట్ల దాచండి. పీఎల్‌సీ నుంచి అప్‌లోడ్ చేసుకోవచ్చులే అనుకోకండి. లాజిక్ వస్తుంది గానీ పేర్లు, కామెంట్లు రావు. గిండీలో ఒకసారి అలాంటి ప్రోగ్రామే నా చేతికొచ్చింది. తెర నిండా ఐ 4.3 (ఇన్‌పుట్), ఎం 20.1 (మెమరీ) లాంటి అడ్రసులే. మల్టీమీటరు పట్టుకుని ఒక్కో వైరూ వెతుక్కుంటూ నోటుబుక్కులో రాసుకున్నాను. ఐ 4.3 అంటే ప్రెస్సు గార్డు తలుపు స్విచ్చని తేలేసరికి తెల్లారింది. అది తెలియకుండా బైపాస్ చేసి ఉంటే ఎవరి చేయో పోయేది.

దొంగ కాపీ వద్దే వద్దు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వైరస్ పెన్‌డ్రైవ్‌ల ద్వారా పాకి, స్టెప్ 7 ప్రాజెక్టుల్లోనే దూరింది. ఎవరిచ్చారో తెలియని సాఫ్ట్‌వేర్‌ను ప్రెస్సుకు తగిలించడం మీ ఆపరేటర్ల ప్రాణంతో ఆట.

కొత్త ల్యాప్‌టాప్‌కు ఓనరు ఒప్పుకుంటే స్టెప్ 7లో 5.6 లేదా ఆ తర్వాతి వెర్షన్ కొనమనండి, 5.6 విండోస్ 10 మీద నడుస్తుంది. లేదంటే వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో, ఎక్స్‌పీ పెట్టుకోండి, నెట్ మాత్రం తగిలించకండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే సపోర్టు ఆపేసింది.

ఇంకొకటి, మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను. సీపీయూ మీద బీఏటీఎఫ్ (బ్యాటరీ లోపం) అనే ఎర్ర లైటు వెలుగుతోందా? వెలుగుతుంటే బ్యాటరీ మార్చండి, కానీ పవర్ ఆన్‌లో ఉండగానే. కరెంటు ఆపి తీస్తే, ఫ్లాష్ కార్డులో కాపీ లేకపోతే ప్రోగ్రాం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ప్రాజెక్టు ఆర్కైవ్ చేతికొచ్చేదాకా మాత్రం ఆ బ్యాటరీని కదపకండి.